జీవోలో పడ్డ జీవాలు

గేదెల తవిటినాయుడి ఇంటిపేరులో పశువులున్నాయి, ఒంటిపేరులో వాటికి సరిపడా తవుడుంది. లేనిదల్లా పక్కన పెళ్ళాం. ఆయన టెక్కలిలో హద్దురాళ్ల శాఖలో జూనియర్ అసిస్టెంటు. ఆవిడ పైడితల్లి, సొంత మేనమామ కూతురు, ఆదోనిలో సర్కారు బడి టీచరు. టెక్కలికీ ఆదోనికీ నడుమ రెండు రైళ్లు, ఒక బస్సు, ఆ బస్సు రాకపోతే ఒక షేర్ ఆటో. పెళ్ళయి ఏడేళ్ళు. సెలవులన్నీ కలిపి చూస్తే కాపురం పదకొండు నెలలు తేలింది.

"మనది సంసారం కాదు బావా, సమాచారం," అనేది పైడితల్లి ఫోనులో.

పొలాల మధ్య, ఊళ్ల మధ్య పాతిన రాళ్లు ఉన్నచోటే ఉన్నాయా అని ఏడాదికోసారి చూసి రాసుకోవడం హద్దురాళ్ల శాఖ పని. రాళ్లు కదలవు. వాటిని చూసి శాఖ కూడా కదలడం మానేసింది. కదిలేది ఉద్యోగులు మాత్రమే, అదీ బదిలీల వేళ. ఆదోనిలో ఉన్నది ఒక్క ఖాళీ. దానికి తవిటినాయుడు ఐదేళ్లుగా అర్జీ పెడుతున్నాడు. పోయినేడు ఆ ఒక్క కుర్చీకి ఇద్దరు పోటీపడితే ముప్ఫై ఒక్క సిఫార్సు లేఖలొచ్చాయి. అందులో ఒకే నాయకుడు ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు, ఇద్దరూ తనకు బాగా తెలుసనీ, రెండోవాడు మంచివాడు కాదనీ. ఆ ఫైలును మోయలేక కమిషనరుగారు మూడు వారాల శిక్షణకు విదేశం వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఒక సమస్యతో వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక సరదాతో వచ్చారు. సమస్యకు సరదా తోడైతే పుట్టేదాన్ని జీవో అంటారు.

సూపరింటెండెంటు ఉరిటి సత్యవతి దాన్ని సెక్షనులో నిలబడి చదివింది.

"బదిలీల యందు పారదర్శకత, వ్యూహాత్మక చింతన, ఉల్లాసము ఏకకాలమున సాధించు నిమిత్తము సిఫార్సు లేఖలను రద్దుపరచి, వాటి స్థానే జీవజగడం అను పత్రక్రీడను ప్రవేశపెట్టడమైనది. ప్రతి ఉద్యోగియు అరవై పత్రముల దళమును స్వయముగా సమకూర్చుకొనవలెను." ఆవిడ కళ్ళజోడు తీసింది. "అంటే కార్డులాట. గెలిచినవాళ్లకి అడిగిన ఊరు."

"పేకాటా మేడం?" అన్నాడు తవిటినాయుడు.

"పేకాట అనకు నాయుడూ. పేకాట ఆడితే సస్పెన్షను. ఇది పత్రక్రీడ. ఇది ఆడకపోతే సస్పెన్షను."

ఆట కష్టమైనదేం కాదు. బడిపిల్లలు ఆడుకునేదే. కార్డులు మూడు రకాలు: జీవాలు, మంత్రాలు, మేత. ఎదుటివాడికి ఇరవై ప్రాణాలుంటాయి. మన జీవాలతో పొడిపించి ఆ ఇరవయ్యీ తీసేస్తే గెలుపు మనది. అయితే వంతుకొక మేత కార్డు వేసుకుంటూ పోవాలి. మేత పడితేగాని జీవం కదలదు. జీవం ఎంత పెద్దదైతే మేత అంత ఎక్కువ. ఈ సూత్రం ఒంటబట్టడానికి పిల్లలకు వారం పడుతుందని కంపెనీవాళ్లు అట్టపెట్టె మీద రాశారు. హద్దురాళ్ల శాఖలో ఐదు నిమిషాలు పట్టింది. అందులో నాలుగు నిమిషాలు టీ రావడానికి పట్టినవి.

ఆదోని ఖాళీకి రెండో అర్జీదారు అదే సెక్షనులోని జగన్నాథ పాత్రో. ఆయన పదేళ్లుగా ప్రమోషను వద్దని రాసిచ్చి జూనియర్ అసిస్టెంటుగానే ఉండిపోయిన మనిషి. పై కుర్చీ పెద్దదే గాని దాని డ్రాయరు చిన్నదని ఆయన అభిప్రాయం. ఆదోని చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయనీ, అక్కడ రాళ్లకు కాస్త చలనం వచ్చిందనీ ఆయనకు కబురందింది. జీవో వచ్చిన మూడోరోజుకల్లా పాత్రో చేతిలో బంగారు అంచు కార్డులు మెరిశాయి. వాటిలో రాజు బంగారు శరభం. ఎనిమిది కాళ్లు, తొమ్మిది మేతలు. అది ఒక్కసారి బల్ల మీదికి దిగితే ఎదుటివాడు లేచి చెయ్యి కలిపి వెళ్ళిపోవడమే. ఆ ఒక్క కార్డు ఖరీదు తవిటినాయుడి నెల జీతం. పాత్రో దాన్ని కొన్నాడనడం తప్పు. ఎవరో అభిమానంతో ఇచ్చారు.

తవిటినాయుడికి అభిమానులు లేరు. సాయంత్రం ఆఫీసు అయ్యాక బజారులో గుమ్మడి రాములమ్మ ఫ్యాన్సీ షాపుకు వెళ్ళాడు. గాజులు, రిబ్బన్లు, సవరాల పక్కన ఇప్పుడు ఆవిడ కార్డులు కూడా వేలాడదీసింది.

"ఏటి బాబూ, శరభం గావాలా, గండభేరుండం గావాలా?"

"రేటు సెప్పకమ్మా, పానం పోద్ది. సవకవి ఏటున్నాయి?"

రాములమ్మ కాలితో ఒక బిస్కెట్ల డబ్బా ముందుకు తోసింది. కొన్నవాళ్లు ప్యాకెట్టు చించి మెరిసే కార్డు తీసుకుని, మిగతావి అక్కడే పారేసి పోతున్నారు. ఆ పారేసినవన్నీ డబ్బాలో ఉన్నాయి. "గొల్లభామలు, ఉడతలు, ఎండ్రకాయలు, ఊసరవెల్లులు. అన్నీ ఒక్క మేతవే. ఒక్క పోటు పొడిసి సచ్చిపోతాయి. ఎవులూ ముట్టుకోరు. గుప్పెడు పది రూపాయలకి ఇచ్చెత్తాను, డబ్బా ఖాళీ సెయ్యి."

"ఒకటి సచ్చిపోతే మరేటి సెయ్యాల?"

"ఇంకోటి దింపు. డబ్బానిండా ఉన్నాయి కదేటి."

యుద్ధశాస్త్రం మీద అంత క్లుప్తమైన పాఠం ఆయనెప్పుడూ వినలేదు. డబ్బాతో సహా కొనేశాడు.

పైడితల్లికి ఫోను చేస్తే ఆవిడ మరో రెండు పాఠాలు చెప్పింది. పిల్లల దగ్గర లాక్కున్న కార్డులతో స్టాఫ్ రూము బీరువా నిండిపోయి, మధ్యాహ్నం భోజనాల తర్వాత టీచర్లంతా ఆడుతున్నారట. "మంత్రాలు వద్దు బావా. మంత్రాలకి చింతకాయలు రాలవు. అన్నీ జీవాలే పెట్టు. పాత్రోది తొమ్మిదో వంతుకి గాని దిగదు కదా. ఆ తొమ్మిదో వంతు రాకూడదు, అంతే. ఇంకోటి, చేతిలో ఉన్నవన్నీ ఒకేసారి దింపీకు. మూడు దాచుకో. నీకు దాచుకోడం రాదు."

"దాచుకోడానికి ఏటుందని?"

"నన్ను దాసీనావు కదా ఏడేళ్లు, ఆదోనిలో."

నలభై నాలుగు జీవాలు, పదహారు మేతలు. దళం కుదిరింది. మొత్తం పెట్టుబడి ఒక పూట భోజనం ఖర్చు.

ఆ దళాన్ని నమోదు చేయించాలి. అందుకు తవిటినాయుడు జెరాక్సు షాపులో అర్జీ టైపు చేయించి జిల్లా కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ దళ పరిశీలనాధికారి ద్వివేదుల విశ్వేశ్వరం. ఆయన మామూలు తెలుగు మాట్లాడి ఇరవై ఏళ్లయింది. ఇంట్లో ఉప్పు కావాలన్నా లవణము కోరబడుచున్నది అంటాడని ప్రతీతి.

"నలభై నాలుగు జీవాలు," అని చదివాడు విశ్వేశ్వరం. "జీవాలు అనగానేమి?"

"కార్డులు సార్."

"జీవోలో అటుల నిర్వచింపబడలేదు. నిర్వచనము లేనిచోట పూర్వపు ఉత్తర్వుల నిర్వచనము వర్తించును. పూర్వపు ఉత్తర్వుల ప్రకారము జీవాలు అనగా గొర్రెలు, మేకలు మరియు తత్సమానములు."

"ఇందులో గొర్రెల్లేవు సార్. ఊసరవెల్లులున్నాయి."

"తత్సమానములు. పైగా తమరి అర్జీలోనే స్పష్టముగా ఉన్నది." ఆయన కాగితం తిప్పి చూపాడు. పేక కట్ట ఒకటి అని ఉండాల్సిన చోట మేక కట్ట ఒకటి అని టైపయింది. ఒక్క అక్షరం మారి పేకకు కొమ్ములు మొలిచాయి.

"అది టైపు తప్పు సార్. దిద్దీమంటారా?"

"దిద్దుటకు ఆధారము కావలెను. మేక అనుటకు తమ సంతకము ఆధారముగా ఉన్నది. పేక అనుటకు ఏ ఆధారమూ లేదు. ఇరవై దాటిన జీవాలు మంద. మందకు పశువైద్యుని ధ్రువపత్రము లేనిదే నమోదు కుదరదు."

"పాత్రో గారిని అడగలేదు కదా సార్."

"వారివి నాలుగే జీవాలు. అది పెంపకము."

ఆటకు ఇంకా నాలుగు రోజులే ఉంది. ధ్రువపత్రం లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే ఆదోని లేదు. తవిటినాయుడు బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచాడు.

డాక్టరు దువ్వారపు సన్యాసిరావు కథంతా విని, తవిటినాయుడు ఊహించినట్టు నవ్వలేదు. గోడమీద పట్టిక వంక చూశాడు. ఆ నెల టీకాల లక్ష్యానికి ఇంకా నలభై తక్కువ పడుతున్నాయి.

"ఎన్నన్నారు?"

"నలభై నాలుగు సార్."

"దేవుడిలాగొచ్చారు. కూర్చోండి."

గేదెలను నిలబెట్టే బోను కింద బల్ల వేసి కార్డులు వరసగా పేర్చారు. గాలికుంటు టీకా కోసం ఒక్కొక్కదానికీ సూదిమొనతో ఒక్క పోటు. కడుపులో పురుగులకు నట్టలమందు వెనకవైపు ఒక్క చుక్క. తర్వాత చెవికి పసుపు బిళ్ళ. ఇక్కడ డాక్టరు ఆగాడు.

"ఇందులో చెవి ఏది?"

"నాలుగు మూలలున్నాయి సార్. ఏదో ఒకటి అనుకోండి."

"అనుకోడానికి లేదు. పుస్తకంలో ఎడమ చెవి అనుంది."

కార్డు ఎవరి వైపు చూస్తున్నట్టు లెక్క అన్న మీద పది నిమిషాలు నడిచింది. చివరికి జీవం డాక్టరు వైపు చూస్తున్నట్టు తేల్చి, దాని ఎడమ మూలకు కన్నం పొడిచి బిళ్ళలు బిగించారు. ఎండ్రకాయలకు చెవులే ఉండవని కాంపౌండరు అభ్యంతరం చెప్పాడు. వాటికి వినికిడి లోపం కింద మినహాయింపు రాశారు.

"వీటిలో చూడివి ఏమైనా ఉన్నాయా?"

"లేవు సార్. అట్టముక్కలు."

"ఇప్పుడు లేవు. రేపు నలభై ఐదైతే మళ్ళీ కొత్త అర్జీ. అది గుర్తుంచుకోండి."

పోటీ శాఖ సమావేశ మందిరంలో జరిగింది. దీపం వెలిగింది, శాలువాలు కప్పబడ్డాయి, పెద్దలకు పూలగుత్తులు అందాయి. కమిషనరుగారు ఉపన్యసిస్తూ, పత్రాన్ని నమ్మినవాడికి పాత్రత దక్కుతుందని చెప్పారు. పాత్రో తన పేరు పిలిచారనుకుని లేచి నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు.

రెండు రోజుల్లో అరవై మంది ఇద్దరయ్యారు. ఆదోని కుర్చీ మీద కన్నేసిన ఇద్దరే మిగిలారు. పాత్రో వెల్వెట్టు గుడ్డ పరిచి బంగారు అంచు కార్డులు పేర్చాడు. తవిటినాయుడు డబ్బా మూత తీశాడు. పసుపు బిళ్ళలు గలగలలాడాయి.

"మువ్వలు కట్టినావేటి నాయుడూ," అన్నాడు పాత్రో. "సంతకు బయల్దేరినట్టున్నావు."

"అమ్మేవి కాదు సార్."

పాత్రో వంతు వంతుకూ మేత వేసుకుంటూ, చిన్నాచితకా జీవాల వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆయన చూపంతా తొమ్మిదో వంతు మీదే. ఈలోగా గొల్లభామలు దూకాయి. ఉడతలు కొరికాయి. ఎండ్రకాయలు వినపడకపోయినా గిల్లాయి. ఆరో వంతు ముగిసేసరికి పాత్రోకు మిగిలినవి మూడు ప్రాణాలు.

"ఈ పురుగూ పుట్రా వేసుకుని ఆదోని దాకా ఎందుకయ్యా," అన్నాడు పాత్రో మెల్లగా. "అక్కడ ఎండలు నీకు పడవు."

"మా ఆవిడ అక్కడున్నాది సార్."

"పెళ్ళాం ఎక్కడికి పోద్ది? రాళ్లు అలాక్కాదు. ఇప్పుడు కదుల్తున్నాయి, రేపు కదలవు."

ఏడో వంతులో పాత్రో జడివాన అనే మంత్రం వేశాడు. బల్ల మీదున్న చిన్న జీవాలన్నీ కొట్టుకుపోయాయి. సభలో అయ్యో అన్నారు. తవిటినాయుడు తన చేతిలోకి చూసుకున్నాడు. పైడితల్లి చెప్పిందని దాచిన ఉడతలు మూడూ ఉన్నాయి. దింపాడు. పాత్రో ఎనిమిదో మేత వేసి, తర్వాతి వంతులో దించబోయే శరభాన్ని ముందే తీసి గుడ్డతో తుడిచి పట్టుకున్నాడు. తవిటినాయుడి ఎనిమిదో వంతులో మూడు ఉడతలు ముందుకు కదిలి, మూడు ప్రాణాలూ తీశాయి.

శరభం పాత్రో చేతిలోనే ఉండిపోయింది. ఒక్క మేత తక్కువ. పాత్రో గారి ఉద్యోగ జీవితంలో మేత చాలకపోవడం అదే మొదటిసారి.

వారానికి ఉత్తర్వు వచ్చింది. సత్యవతి మేడం దాన్ని ముందు తానే చదివి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పింది.

"విజేత దళమునందలి నలభై నాలుగు జీవాలు ఆదోని కార్యాలయమునకు బదిలీ చేయబడినవి," అని చదివింది.

"నా పేరు మేడం?"

"అదే వెతుకుతున్నాను నాయుడూ. ప్రతులు ఎవరెవరికి అన్న చోట కూడా లేదు."

తవిటినాయుడు మళ్ళీ విశ్వేశ్వరం ముందు నిలబడ్డాడు. ఆయన జీవో తెరిచి పదకొండో పేరా మీద వేలు పెట్టాడు.

"విజేత దళము కోరిన స్థానమునకు బదిలీ చేయబడును. దళము గెలిచినది. దళము బదిలీ అయినది. తమరు దళమున కలరా?"

"నాను ఆడినోణ్ణి సార్."

"ఆడువారి ప్రస్తావన జీవోలో లేదు."

"ఆడువారు కాదు సార్, ఆడినవారు. నాను మగోణ్ణే."

"ఆడినను, ఆడకున్నను తమరి స్థితి యథాతథము. ఆదోని ఖాళీ నలభై నాలుగు జీవాలతో భర్తీ అయినది."

"కార్డులు వెళ్ళి రాళ్లెలా చూస్తాయి సార్?"

"ఐదేళ్లుగా ఆ స్థానము ఖాళీగా ఉన్నను రాళ్లు చూడబడినవనియే నివేదికలు వచ్చుచున్నవి. కావున అంతరాయము కలుగబోదు. జీవాలను రేపటిలోగా పార్సిలు చేయుడు."

తవిటినాయుడు బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడేళ్లు తను చేయలేని పనిని రాములమ్మ కాలితో తోసిన డబ్బా చేసేసింది. రేపీపాటికి అది రైలెక్కి పైడితల్లి ఉన్న ఊరికి పోతుంది. పార్సిలు విప్పిన గుమాస్తా ఇదేం చెత్తని బీరువాలో పడేస్తాడు. పైడితల్లికి ఫోను చేద్దామని తీసి, మళ్ళీ జేబులో పెట్టాడు. తనకన్నా ఉడతకు నయం. దాని పేరు మీద ఒక ఉత్తర్వుంది, చెవికొక బిళ్ళుంది.

ఆ బిళ్ళనే చాలాసేపు వేలితో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి లోపలికి వెళ్ళాడు.

"సార్, ఒక్క సందేహం. దారిలో వీటికి మేత ఎవులేస్తారు?"

విశ్వేశ్వరం కలం ఆగింది.

"జీవాలు కదా సార్. డాక్టరు గారి కాగితమున్నాది. రెండు రైళ్లు, ఒక బస్సు. మడిసి లేకుండా మందని పార్సిల్లో తోల్తే, రేపు ఏదైనా అయితే సంతకం ఎవరిదంటారో అని."

సంతకం విశ్వేశ్వరానిది. ఆయన వెనక్కి తిరిగి బీరువాలోంచి లావుపాటి పుస్తకం దించాడు. దుమ్ము దులిపాడు. చాలాసేపు పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, తవిటినాయుడికి కుర్చీ చూపించాడు. కుర్చీ చూపడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగని ముచ్చట.

"మంద తరలింపునకు కాపరి ఒకరు తప్పనిసరి. గమ్యము చేరిన పిదప కూడ కాపరి మందను విడువరాదు. విడిచిన యెడల పంపిన అధికారిదే బాధ్యత." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "కాపరికి పశుపోషణ యందు పూర్వానుభవము అవసరము. తమరికి కలదా?"

"మా ఇంటిపేరు గేదెల సార్."

విశ్వేశ్వరం సర్వీసు రిజిస్టరు తెప్పించి చూశాడు. గేదెల అని స్పష్టంగా ఉంది. పక్కన టిక్కు పెట్టి, ధ్రువీకరించడమైనది అని రాశాడు.

ఆఫీసులో రిలీవింగు కాగితం మీద పాత్రో కళ్ళు నిలిచాయి. "చదువుకున్నోడివి, కాపరిగా పోతావా నాయుడూ? పరువేం గాను?"

"మీరు కాపరి అని చదివారు సార్," అన్నాడు తవిటినాయుడు డబ్బాకు తాడు బిగిస్తూ. "నాను కాపురం అని చదూకున్నాను."

మూడోనాటి సాయంత్రం ఆదోనిలో పైడితల్లి తలుపు తీసింది. గుమ్మంలో ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో డబ్బా. ఆవిడ పెట్టె అందుకోలేదు. ఉత్తర్వు అందుకుంది. ఏడేళ్ల సమాచారంలో చాలా కాగితాలు చూసిన మనిషి, నిలబడే రెండుసార్లు చదివింది.

"రోజూ పదింటికి వీటిని ఆఫీసుకి తీసుకెళ్ళి హాజరు వేయించాలా?"

"ఐదింటికి తోలుకొచ్చెయ్యాల. నెలకోసారి ఎన్ని బతికున్నాయో రాసి పంపాల."

"జీవాలు జీవించి ఉన్నంత కాలము కాపరి ఆదోనిలోనే ఉండవలెను," అని ఆఖరి వాక్యం పైకి చదివింది. "ఒక్కటి మిగిలినా?"

"ఒక్కటి మిగిలినా ఇక్కడే."

పైడితల్లి డబ్బా మూత తీసి ఒక ఉడతను బయటికి తీసింది. రైల్లో చెమ్మ తగిలి అంచులు ఉబ్బాయి, మూల కన్నం దగ్గర కాస్త చీలింది. ఆవిడ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ముఖం మారిపోయింది. డబ్బా మూత గట్టిగా నొక్కి, కొంగు బిగించింది.

"కాళ్లు కడుక్కుని కాసిని టీ తాగుతానే," అన్నాడు తవిటినాయుడు.

"తర్వాత. చెప్పులు విప్పకు బావా. స్టేషను దగ్గర లామినేషను షాపువాడు ఆరింటికి కట్టేస్తాడు."